హైదరాబాద్ నుంచి మదురై: పెద్దవాళ్లతో మూడు రోజులు వెళ్తే ఎలా సర్దుకోవాలి?

మీరు అడిగింది ఇదీ: ఉప్పల్ నుంచి ముగ్గురు వెళ్లాలి. మీరు, డెబ్బైకి దగ్గరపడిన అమ్మగారు, నాన్నగారు. చేతిలో మూడు రోజులు. మీనాక్షి అమ్మవారి దర్శనం తప్పనిసరి, వీలైతే అదే రోజు రామేశ్వరం కూడా. ఎలా వెళ్లాలి, ఎక్కడ దిగాలి, ఎక్కడ పొరపాటు జరుగుతుంది?

ఒకే రోజు రెండూ పెట్టుకోకండి. రామేశ్వరం మదురైకి సుమారు 170 కిలోమీటర్లు. కారులో ఒకవైపే మూడున్నర గంటల దాకా పడుతుంది. పైగా రెండు గుళ్లూ మధ్యాహ్నం మూసేస్తారు. మదురైలో ఉదయం 5 నుంచి 12:30 వరకు, మళ్లీ సాయంత్రం 4 నుంచి రాత్రి దాకా. రామేశ్వరంలో ఒంటి గంటకు మూసి మూడింటికి తెరుస్తారు. రెండు మూసివేతలూ ఏడు గంటల ప్రయాణమూ ఒకే పగట్లో ఇరుక్కుంటే పెద్దవాళ్లు మూసిన తలుపుల ముందు ఎండలో కూర్చోవాల్సి వస్తుంది. మన దగ్గర నుంచి వెళ్లేవాళ్లు ఎక్కువగా పాడుచేసుకునేది ఇక్కడే. పదకొండున్నరకు హోటల్లో దిగి, స్నానాలు చేసి, పన్నెండుంపావుకు గోపురం దగ్గరకు చేరతారు. మదురైలో మీ రోజును గుడి వేళలే నడిపిస్తాయి, మిగతావన్నీ వాటి చుట్టూ సర్దుకోవాలి.

ముందు ప్రయాణం. టికెట్ తీసేటప్పుడు ఒక జాగ్రత్త. మనం మాటల్లో మదురైని 'మధుర' అంటాం, ఉత్తరప్రదేశ్‌లో కృష్ణుడి ఊరినీ 'మధుర' అంటాం. రైలు బుకింగ్‌లో మదురై జంక్షన్ కోడ్ ఎండీయూ, ఆ మధుర కోడ్ ఎంటీజే. పేరు కాదు, కోడ్ చూసి నొక్కండి. డెబ్బై ఏళ్లవాళ్లతో అయితే శంషాబాద్ నుంచి నేరుగా వెళ్లే విమానమే నా ఓటు. రెండు గంటల లోపు ప్రయాణం, విమానాశ్రయం నుంచి ఊళ్లోకి పన్నెండు కిలోమీటర్లు. రైలే కావాలంటే కాచిగూడ నుంచి నాగర్‌కోయిల్ వెళ్లే వారపు బండి మదురై మీదుగానే పోతుంది. దాదాపు రోజంతా బండిలోనే గడుస్తుంది కానీ మధ్యలో దిగి మారే పని లేదు.

చెన్నైలో బండి మారేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. మదురై వైపు బళ్లు ప్రధానంగా ఎగ్మూరు నుంచి బయలుదేరతాయి, సెంట్రల్ నుంచి కాదు. రెంటికీ మధ్య రెండు కిలోమీటర్ల దూరం. నాంపల్లిలో సాయంత్రం ఎక్కే చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎగ్మూరు మీదుగానే తాంబరం వెళ్తుంది కాబట్టి సెంట్రల్ గొడవ ఉండదు. కానీ అది చేరేసరికి తెల్లవారుజామున పోయే వందేభారత్, తేజస్ రెండూ వెళ్లిపోయి ఉంటాయి. తర్వాత మధ్యాహ్నం వైగై ఎక్స్‌ప్రెస్ దొరుకుతుంది, మదురైలో దిగేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది. అంటే ఆ రోజు దర్శనం లేనట్టే. పగలు చెన్నైలో బంధువుల ఇంట్లో గడిపి రాత్రి పాండియన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి మదురైలో ఉంటారు. ఆ పద్ధతి పెద్దవాళ్లకు మేలు.

బస విషయంలో పెద్దగా ఆలోచించక్కర్లేదు. స్టేషన్‌కూ గుడికీ మధ్య దూరం ఒక కిలోమీటరు. ఆ మధ్యలో టౌన్ హాల్ రోడ్డు, మేల పెరుమాళ్ మేస్త్రి వీధి చుట్టుపక్కల అన్ని ధరల్లోనూ గదులున్నాయి. అమ్మానాన్నలు మధ్యాహ్నం వచ్చి నడుం వాల్చి సాయంత్రం మళ్లీ గుడికి వెళ్లాలంటే గది ఇక్కడే ఉండాలి. విమానాశ్రయం దారిలోనో, మాట్టుత్తావణి బస్టాండు దగ్గరో కొత్త హోటల్ శుభ్రంగా ఉందని దిగితే రోజుకు నాలుగుసార్లు ఆటో ఎక్కాలి.

ఇక్కడ ఊరి ఆకారం ఒకసారి అర్థం చేసుకుంటే చాలా తిరుగుడు తప్పుతుంది. చార్మినార్ నుంచి నాలుగు దిక్కులకూ నాలుగు దారులు పోతాయి కదా, మదురై అలా ఉండదు. గుడి చుట్టూ చతురస్రాలు, ఒకదాని బయట ఒకటి. గుడి ప్రాకారం లోపల ఆడి వీధులు. ప్రాకారాన్ని ఆనుకుని బయట చిత్తిరై వీధులు, వాటి బయట ఆవణి మూల వీధులు, ఆ తర్వాత మాసి వీధులు, అన్నింటికీ బయట వెళి వీధులు. మొదటి నాలుగూ తమిళ నెలల పేర్లు. ఒకప్పుడు ఏ నెలలో ఉత్సవమూర్తి ఊరేగింపు ఏ వీధిలో తిరిగేదో దానికా పేరు. 'వెళి' అంటే వెలుపల. పాత కోటగోడ ఉన్న చోటు అది, పంతొమ్మిదో శతాబ్దంలో గోడ పడగొట్టి వీధి చేశారు.

ప్రతి వీధికీ నాలుగు భుజాలు కాబట్టి పేరు ముందు దిక్కు చేరుస్తారు. కీళ అంటే తూర్పు, మేల అంటే పడమర, తెర్కు అంటే దక్షిణం, వడక్కు అంటే ఉత్తరం. 'మేల మాసి వీధి' అని బోర్డు కనిపిస్తే మేలైన వీధి అనుకునేరు, అది పడమటి మాసి వీధి. ఆటో అతను 'కీళ వాసల్' అన్నాడంటే తూర్పు ద్వారం. ఈ నాలుగు మాటలూ నేర్చుకుంటే మీకు సగం తమిళం వచ్చినట్టే. మిగతా సగానికి కంగారు అక్కర్లేదు. నాయకరాజుల కాలం నుంచీ ఇళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లు ఆ ఊళ్లో చాలామంది ఉన్నారు. అమ్మగారు మీతో తెలుగులో మాట్లాడుతుంటే దుకాణంలో ఎవరో ఒకరు తెలుగులోనే పలకడం అక్కడ మామూలే. వాళ్ల తెలుగులో తమిళ యాస బలంగా ఉంటుంది, కాస్త నెమ్మదిగా మాట్లాడండి.

ఆటో చిత్తిరై వీధిలోకి రాదు, అక్కడ నడకే. దానికి బయటే దింపేస్తారు. కాబట్టి ఆటో అతనికి 'మీనాక్షి కోవిల్' అని ఊరుకోకుండా ఏ గోపురం వైపో చెప్పండి. మీకు కావలసింది తూర్పున అమ్మన్ సన్నిధి ద్వారం. నాలుగు దిక్కులా నాలుగు ఎత్తైన గోపురాలున్నాయి, మొత్తం మీద పద్నాలుగు. దక్షిణ గోపురం అన్నింటికన్నా ఎత్తు, సుమారు 170 అడుగులు. అమ్మన్ సన్నిధి ద్వారం మాత్రం ఈ పెద్ద గోపురాల కింద లేదు. తూర్పు గోపురానికి కాస్త దక్షిణంగా, అష్టశక్తి మండపం ముందు ఉంటుంది. ఇక్కడ ముందు అమ్మవారిని, తర్వాతే సుందరేశ్వరుణ్ణి దర్శించడం ఆచారం. ఈ ద్వారంలో వెళ్తే దారి దానంతటదే ఆ వరుసలో సాగుతుంది.

ఫోన్ల సంగతి వివరంగా చెప్పాలి, అసలు చిక్కంతా వాటితోనే. 2018 ఫిబ్రవరి 2న తూర్పు వైపున్న వీర వసంతరాయ మండపంలో అగ్నిప్రమాదం జరిగింది. అదే ఏడాది నుంచి గుడి లోపలికి సెల్‌ఫోన్ నిషేధం. ద్వారం దగ్గర కౌంటర్లో ఇచ్చి టోకెన్ తీసుకోవాలి, చెప్పుల స్టాండూ అక్కడే. దీనివల్ల మూడు ఇబ్బందులొస్తాయి, మూడింటికీ గదిలోంచి బయలుదేరే ముందే జాగ్రత్తపడాలి.

మొదటిది డబ్బు. ఫోన్ లేకపోతే ఫోన్‌పే, గూగుల్‌పే ఏవీ లేనట్టే. హైదరాబాద్‌లో జేబులో నోటు లేకుండా నెలలు గడుపుతున్నాం, ఆ అలవాటుతో లోపలికి వెళ్తే టికెట్టుకూ, అర్చనకూ, ప్రసాదానికీ చేతిలో పైసా ఉండదు. ముగ్గురికీ కలిపి ఐదొందలు, అందులో పది, యాభై నోట్లు ఉండేలా చూసుకోండి. రెండోది, విడిపోతే ఒకరికొకరు ఫోన్ చేసుకోలేరు. లోపల సుమారు పద్నాలుగు ఎకరాల ఆవరణ, స్తంభాల నడవాలన్నీ ఒకేలా ఉంటాయి. 'తప్పిపోతే పొట్రామరై కొలను మెట్ల దగ్గర, బంగారు తామర కనిపించే చోట' అని ముందే అనుకోండి. లోపల ఆకాశం కనిపించే పెద్ద జాగా అదే, ఎవరినడిగినా చూపిస్తారు. మూడోది, ఏ ద్వారంలో ఫోన్లూ చెప్పులూ ఇచ్చారో అదే ద్వారంలోంచి బయటికి రావాలి. వేరే గోపురంలోంచి వచ్చేస్తే చిత్తిరై వీధి రాతి మీద ఉత్త కాళ్లతో చుట్టూ తిరిగి రావాలి. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో అరికాళ్లు బొబ్బలెక్కుతాయి. టోకెన్ మీద ద్వారం పేరు చదువుకోండి, లేదా ముగ్గురి ఫోన్లూ ఒకే సంచిలో పెట్టి ఒకే టోకెన్ తీసుకోండి. ఇంకా మంచిది, రెండు ఫోన్లు గదిలోనే వదిలేయడం.

దుస్తులకు పెద్ద చిక్కు లేదు. నాన్నగారికి పంచె లేదా ప్యాంటు, అమ్మగారికి చీర, మీకు ఒళ్లు కప్పేవి ఏవైనా సరే. షార్ట్స్, చేతుల్లేని పైబట్టలు కుదరవు.

లోపలికి వెళ్లాక చాలామంది వరుసలో నిలబడి, రెండు దర్శనాలు చేసుకుని, ప్రసాదం పట్టుకుని వచ్చేస్తారు. మూడు రోజులుండి అలా రావడం నాకు నిజంగా బాధనిపిస్తుంది. అందుకే నా సలహా రెండుసార్లు వెళ్లమని. ఒకసారి దర్శనానికి, ఒకసారి చూడ్డానికి.

దర్శనానికి తెల్లవారి ఐదున్నర, ఆరు మధ్య మేలు. రాయి చల్లగా ఉంటుంది, జనం పలుచగా ఉంటారు. మంగళ, శుక్రవారాల్లో రద్దీ ఎక్కువ. ఒకవేళ శుక్రవారమే కుదిరితే సాయంత్రం కొలను పక్కన ఊంజల్ మండపంలో అమ్మవారినీ స్వామినీ ఉయ్యాలలో ఊపే సేవ చూడొచ్చు, ఆ రద్దీకి అది తగిన ఫలమే. ప్రత్యేక దర్శనం టికెట్లు రెండు రకాలు, ఒకటి అమ్మవారి సన్నిధికి మాత్రమే, ఇంకొకటి ఇద్దరికీ. మీరు రెండోదే తీసుకోండి. లేకపోతే అమ్మవారి దర్శనం అయ్యాక స్వామి దగ్గర మళ్లీ ఉచిత వరుస చివర నిలబడాలి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అది కష్టం. అమ్మవారి మూలమూర్తి ఆకుపచ్చని ఛాయ గల రాయి, చేతిలో చిలుక. గర్భాలయంలో విద్యుద్దీపాల వెలుగు ఉండదు, హారతి వెలుగులోనే ముఖం కనిపిస్తుంది. నాన్నగారి కళ్లద్దాలు మరిచిపోకండి.

రెండోసారి సాయంత్రం నాలుగున్నరకు వెళ్లండి, దర్శనం టికెట్టు అక్కర్లేదు. అమ్మవారి సన్నిధి నుంచి స్వామి సన్నిధికి వెళ్లే దారిలో ముక్కురుణి వినాయకుడు ఉంటాడు. వినాయక చవితికి పద్దెనిమిది పడుల (పడి ఒక పాత కొలత) బియ్యంతో ఒక్కటే పెద్ద కుడుము చేసి నైవేద్యం పెడతారు. కురుణి అంటే ఆరు పడులు, మూడు కురుణులు కాబట్టి ముక్కురుణి. ఆ విగ్రహం తిరుమల నాయకుడు వండియూరు తెప్పకుళం తవ్విస్తుంటే దొరికిందని చెబుతారు. ఆ చెరువు ఊరికి తూర్పున ఉంది, తర్వాత చూడొచ్చు.

అక్కణ్ణించి కంబత్తడి మండపం. ధ్వజస్తంభం చుట్టూ ఉన్న స్తంభాల మీద మీనాక్షీ కల్యాణం శిల్పం ఉంది. విష్ణుమూర్తి చెల్లెలి చేతిని శివుడి చేతిలో ధారపోస్తున్నాడు. అమ్మవారి తల కాస్త వంగి ఉన్న తీరు చూడ్డానికి ఐదు నిమిషాలు ఆగండి. దగ్గర్లోనే వెళ్లియంబలం అనే వెండి సభలో నటరాజు ఉన్నాడు. చిదంబరంలోనూ మిగతా చోట్లా ఎడమ కాలు ఎత్తి ఉంటుంది, ఇక్కడ కుడి కాలు ఎత్తాడు. ఒకే కాలి మీద ఎంతకాలం ఆడతావు, నాకోసం కాలు మార్చు అని పాండ్యరాజు వేడుకున్నాడని కథ. అమ్మగారికి ముందే చెప్పి చూపించండి, లేకపోతే తేడా కంటికి ఆనదు. వెయ్యి స్తంభాల మండపంలో నిజానికి ఉన్నవి 985 స్తంభాలు. 1569 ప్రాంతంలో నాయకరాజుల దళవాయి, అంటే సేనాపతి, అరియనాథ ముదలియారు కట్టించాడు. లోపల కూర్చోవడానికి చల్లగా ఉంటుంది, పెద్దవాళ్లకు మంచి విరామం.

రాత్రి తొమ్మిది తర్వాత పళ్లియరై సేవ. స్వామి పాదుకలను పల్లకిలో అమ్మవారి శయనమందిరానికి తీసుకెళ్తారు, నాదస్వరంతో, ధూపంతో. దీనికోసం ఎనిమిదిన్నరకే అమ్మవారి సన్నిధి వైపు చోటు చూసుకోవాలి. ఆలస్యంగా వస్తే ముందువాళ్ల వీపులే కనిపిస్తాయి. నన్నడిగితే మదురైలో ఒక్కటే చూడగలిగితే ఇదే చూడమంటాను. అమ్మానాన్నలు అలిసిపోతే మధ్యాహ్నం రెండు గంటలు పడుకోబెట్టి అయినా తీసుకెళ్లండి.

గుడి మూసి ఉండే ఆ మూడున్నర గంటలకు మంచి చోటు తిరుమల నాయకుడి మహల్. గుడికి ఆగ్నేయంగా ఒకటి, ఒకటిన్నర కిలోమీటర్లు, మధ్యాహ్నమంతా నీడ. 1636లో కట్టింది. ఇప్పుడు మిగిలింది అసలులో నాలుగో వంతేనంటారు. ఆయన మనవడు చొక్కనాథుడు రాజధానిని తిరుచిరాపల్లికి మార్చేటప్పుడు చాలా భాగం విప్పించుకుపోయాడు. మిగిలిన స్వర్గవిలాసం స్తంభాల లావు చూస్తే ఒక మనిషి చేతులు చాలవు. విజయనగరం పంపగా వచ్చిన విశ్వనాథ నాయకుడు 1529లో ఇక్కడ పాలన మొదలుపెట్టాడు. తెలుగు మాట్లాడిన ఆ వంశం రెండు శతాబ్దాలు ఏలింది. దక్షిణాంధ్ర సాహిత్యం గురించి బడిలో చదువుకున్న నాన్నగారికి ఈ చోటు తప్పకుండా నచ్చుతుంది. టికెట్టు ఉంది, మెట్లు కొద్దిగానే. అక్కణ్ణించి తిరిగొచ్చేటప్పుడు మేల మాసి వీధిలో 1921 సెప్టెంబర్ 22న గాంధీగారు చొక్కా, తలపాగా విడిచి మొదటిసారి కొల్లాయి గుడ్డతో జనం ముందుకొచ్చిన ఇల్లు ఉంది. ఇప్పుడది ఖాదీ దుకాణం.

రెండో రోజు ఉదయం సుబ్రహ్మణ్యస్వామి క్షేత్రం తిరుప్పరంకుండ్రం. ఎనిమిది కిలోమీటర్లు. కొండను తొలిచిన గర్భాలయం కాబట్టి మూలమూర్తికి అభిషేకం చేయరు, స్వామి వేలాయుధానికే చేస్తారు. ఇదీ మధ్యాహ్నం మూసేదే, ఎనిమిదిలోపు వెళ్లండి. లోపలికి మెట్లున్నాయి, నెమ్మదిగా ఎక్కించండి. తిరిగొచ్చాక పెరియార్ బస్టాండు దగ్గర కూడల్ అళగర్ గుడి చూడొచ్చు. కూర్చున్న, నిలబడిన, శయనించిన మూడు రూపాలూ ఒకే విమానంలో అంతస్తులుగా ఉన్నాయి. అమ్మానాన్నలు వైష్ణవ క్షేత్రాలంటే ఇష్టపడేవాళ్లైతే దీన్ని వదలకండి. నూటెనిమిది దివ్యదేశాల్లో ఒకటై ఉండి కూడా మనవాళ్లు దాని పక్కనుంచే నడిచిపోతారు.

రామేశ్వరం వెళ్లాలనే ఉంటే ఈ రెండో రోజు మధ్యాహ్నం భోజనం కాగానే బయలుదేరి రాత్రి అక్కడే పడుకోండి. తెల్లవారి ఐదు గంటల ప్రాంతంలో స్ఫటికలింగ దర్శనం దొరుకుతుంది, తర్వాత ఇరవై రెండు తీర్థాల స్నానం. పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేవాళ్లకు ఆ స్ఫటికలింగమే దక్కదు. తీర్థాల దగ్గర నేలంతా తడి, జారుతుంది. నాన్నగారి చెయ్యి పట్టుకునే ఉండండి, మార్చుకోవడానికి రెండు జతల బట్టలు పెట్టుకోండి. తిరుగు విమానం మదురై నుంచే అయితే సాయంత్రానిది తీసుకోండి.

ఎప్పుడు వెళ్లాలన్నదానికి మన హైదరాబాద్ లెక్క పనికిరాదు. జూన్‌లో ఇక్కడ వానలు పడి చల్లబడుతుంది, అక్కడ మాత్రం ఎండ అలాగే ఉంటుంది. వాళ్ల వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు. ఇక్కడి ఎండ పొడిది, అక్కడ చెమటతో కలిసి వస్తుంది. జనవరి చివర, ఫిబ్రవరి హాయిగా ఉంటాయి. కానీ నవంబర్ మధ్య నుంచి సంక్రాంతి దాకా అయ్యప్ప మాలధారులు శబరిమల దారిలో ఇక్కడ ఆగుతారు, వరుసలు బాగా పెరుగుతాయి. సంక్రాంతి మూడు రోజులూ అవనియాపురం, పాలమేడు, అలంగానల్లూరులో జల్లికట్టు ఉంటుంది, గదులు దొరకవు. ఏప్రిల్, మే మధ్య చిత్తిరై ఉత్సవాల్లో కల్యాణం, రథోత్సవం, కళ్లళగర్ (అళగర్‌కోయిల్ విష్ణుమూర్తి) వైగై నదిలో దిగడం అద్భుతమైనవే. డెబ్బై ఏళ్లవాళ్లను ఆ జనంలోకి తీసుకెళ్లొద్దు.

భోజనం గురించి క్లుప్తంగా. ఇడ్లీ చాలా మెత్తగా, అరిటాకు మీద నాలుగైదు చట్నీలతో వస్తుంది, పెద్దవాళ్లకు రాత్రికి అదే చాలు. మధ్యాహ్నం భోజనంలో చాలాచోట్ల ఉప్పుడు బియ్యం వండుతారు, సోనామసూరి అలవాటైన కడుపుకు బరువనిపించవచ్చు. కారం మనంత ఉండదు, చిన్న డబ్బాలో కరివేపాకు పొడి పెట్టుకోండి. జిగర్‌తండా తాగకుండా రావద్దు. చల్లని చిక్కటి పాలు, నానబెట్టిన బాదం బంక, నన్నారి (సుగంధిపాల వేరు) షర్బత్, పైన ఐస్‌క్రీమ్. తీపి బాగా ఎక్కువ, షుగర్ ఉన్నవాళ్లకు రెండు చెంచాలతో సరిపెట్టండి.

అమ్మగారికి సుంగుడి (మదురై చుక్కల నూలు చీర) కొంటే చుక్కలు చూడండి. చేత్తో దారం ముడివేసి అద్దింది అయితే ఏ రెండు చుక్కలూ ఒకేలా ఉండవు, కొత్త చీరలో ముడి పడిన చోట గుడ్డ కాస్త ఉబ్బెత్తుగా తగులుతుంది. అచ్చు వేసింది అయితే చుక్కలన్నీ ఒకే గుండ్రం, గుడ్డ చదునుగా ఉంటుంది. ధరలో తేడా చాలా ఉంటుంది కాబట్టి అచ్చు చీరకు ముడి చీర ధర ఇవ్వకండి. మొదటి ఉతుకు విడిగా, ఉప్పు నీళ్లలో.

మల్లెపూలు తెచ్చుకోవాలంటే బయలుదేరే రోజే, మొగ్గగా ఉన్నవి మూరల లెక్కన కొనండి. నీళ్లు చల్లొద్దు, తడిస్తే రేకుల అంచులు గోధుమరంగుకు తిరుగుతాయి. అరిటాకులో చుట్టి, పైన కాగితం వేసి, చేతిసంచిలో అన్నింటికన్నా పైన పెట్టండి. మధ్యాహ్నం కట్టించిన మాల ఉప్పల్ చేరేసరికి విచ్చుకుంటుంది.